సింగపూర్‌లో గవర్నమెంటు మీద నోరు విప్పడం ఎలా: కొత్తగా వచ్చిన మనవాళ్ల కోసం

మొన్న శనివారం జురాంగ్ వెస్ట్‌లో మా బ్లాకు కింద కోపీటియంలో, అంటే ఇక్కడి కాఫీ షాపులో, కూర్చుని ఉంటే, కరీంనగర్ నుంచి కొత్తగా వచ్చిన తమ్ముడొకడు, ఈపీ అనే ఉద్యోగ పాస్ మీద దిగి ఇంకా రెండు నెలలు కూడా కాలేదు, చుట్టూ ఓసారి చూసి గొంతు బాగా తగ్గించి "అన్నా, ఈడ గవర్నమెంటును ఏమన్నంటే లోపలేస్తరంట గదా" అన్నాడు. వాడలా గుసగుసలాడుతున్నప్పుడే పక్క టేబుల్ దగ్గర ఒక చైనీస్ అంకుల్ బీరు సీసా ముందు పెట్టుకుని, కారు కొనాలంటే ముందుగా కొనాల్సిన సీఓఈ రేటే లక్ష డాలర్లు దాటిందని మంత్రుల్ని పేరుపేరునా తిడుతున్నాడు. ఎవరూ తల కూడా తిప్పలేదు.

తమ్ముడి భయం ఉత్తది కాదు, అంకుల్ ధీమా కూడా ఉత్తది కాదు. అంకుల్ ఒక్కడే కూర్చుని, తన అభిప్రాయం, తన నోటితో, కాఫీ షాపులో చెబుతున్నాడు. అదే మాటని ఒక అబద్ధపు లెక్కతో కలిపి ఫేస్‌బుక్‌లో పెట్టినా, అట్టముక్క మీద రాసి రోడ్డు మీద నిలబడినా కథ వేరేగా ఉంటుంది. మన గ్రూపుల్లో నెలకొకరైనా ఈ ప్రశ్న అడుగుతూనే ఉంటారు, నేను ప్రతిసారీ ముక్కలు ముక్కలుగా జవాబు టైపు చేస్తూనే ఉంటాను, అందుకని ఇక్కడ ఒకేసారి రాసేస్తున్నా. నేను లాయర్ని కాదు. పన్నెండేళ్లుగా ఇక్కడ ఉంటున్నవాణ్ణి, అంతే. మీకు నిజంగా నోటీసు వస్తే ఇది చదువుతూ కూర్చోకుండా లాయరు దగ్గరికి వెళ్లండి.

ముందు ఇక్కడివాళ్లు ఎందుకు నమ్ముతారో అర్థం చేసుకోండి

మనవాళ్లు చాలామంది ఇక్కడే తప్పులో కాలేస్తారు. ఒకే పార్టీ, పీఏపీ, 1959 నుంచి అధికారంలో ఉంది, 2025 మే ఎన్నికల్లో కూడా 97 సీట్లలో 87 గెలిచింది అనగానే "జనం భయపడి ఓటేస్తున్నారు" అని తేల్చేస్తారు. లేదా ఇంకో చివరికి వెళ్లి "ఇక్కడ అంతా బంగారం, మన దేశానికీ ఇలాంటి గట్టి చెయ్యే కావాలి" అని భజన మొదలుపెడతారు. ఈ రెండూ మీ సింగపూర్ కొలీగ్ ముందు అనకండి, రెండింటికీ నవ్వుతాడు.

లెక్క కొంచెం చూడండి. ఆ ఎన్నికల్లో పీఏపీకి వచ్చిన ఓట్లు 65.57 శాతం. అంటే ప్రతి ముగ్గురిలో ఒకరు వేరేవాళ్లకి వేశారు. 2011లో అయితే 60 శాతం దగ్గర ఆగిపోయింది, ఆ దెబ్బకి గవర్నమెంటు ఇళ్ల విషయంలో, విదేశీయుల్ని తీసుకునే విషయంలో చాలానే సర్దుకుంది. జనాభాలో దాదాపు పదిమందిలో ఎనిమిదిమంది హెచ్‌డీబీ ఫ్లాట్లలో ఉంటారు, అంటే గవర్నమెంటు కట్టిన ఇళ్లలో. వాళ్ల లిఫ్టు, వాళ్ల మెట్లకి రంగు, వాళ్ల పెన్షన్ ఫండ్ అయిన సీపీఎఫ్, అన్నీ ఆ ఒక్క చోటికే ముడిపడి ఉంటాయి. లంచం అడిగే గుమాస్తా ఎదురుపడకుండా ఒక మనిషి జీవితం మొత్తం గడిచిపోతుంది. మంత్రిగా చేసిన ఈశ్వరన్‌కే 2024 అక్టోబర్‌లో కోర్టు పన్నెండు నెలల జైలు వేసింది, కానుకలు తీసుకున్నందుకు. ఆ రోజు మా ఆఫీసులో పెద్దగా ఎవరూ మాట్లాడుకోలేదు, కానీ ఒక మలయ్ కొలీగ్ మాత్రం "చూశావా, మా దగ్గర ఇదీ జరుగుతుంది" అన్నాడు. సిగ్గు పడుతూ అన్నాడో, గర్వంగా అన్నాడో నాకిప్పటికీ తెలీదు. రెండూ కలిసే ఉన్నాయనుకుంటా.

అలాగని ఆ నమ్మకం గుడ్డిది కాదు. ట్రేస్‌టుగెదర్ సంగతి కొత్తవాళ్లకి తెలియకపోవచ్చు, చెప్తాను. కరోనా వచ్చిన 2020లో ఒక యాప్, తర్వాత జేబులో వేసుకునే ఒక చిన్న టోకెన్ ఇచ్చారు, ఎవరి పక్కన ఎవరు ఎంతసేపు ఉన్నారో అది గుర్తు పెట్టుకుంటుంది. ఈ డేటా వైరస్ సోకినవాళ్ల కాంటాక్టులు వెతకడానికి తప్ప దేనికీ వాడమని మంత్రి గారు స్వయంగా చెప్పారు. జనం తీసుకున్నారు, నేనూ తీసుకున్నా, తాళంచెవుల గుత్తికి తగిలించుకుని తిరిగా. 2021 జనవరిలో పార్లమెంటులో అడిగిన ఒక ప్రశ్నకి జవాబుగా, క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ ప్రకారం పోలీసులు ఆ డేటా అడగొచ్చని, అప్పటికే ఒక హత్య కేసులో అడిగారని బయటపడింది. అప్పుడు చూడాలి కోపం. అంతకుముందు ఎప్పుడూ గవర్నమెంటు గురించి ఒక్క ముక్క మాట్లాడని మా కింది ఫ్లోర్ ఆంటీ కూడా లిఫ్టులో టోకెన్ తీసి చూపించి, మాట ఇచ్చి తప్పారు కదా అంది. మంత్రి, తాను ఆ మాట అన్నప్పుడు ఆ చట్టం సంగతి ఆలోచించలేదని ఒప్పుకున్నారు. ఫిబ్రవరి మొదట్లోనే ప్రత్యేకంగా చట్టం తెచ్చి, ఏడు రకాల తీవ్రమైన నేరాలకి తప్ప ఆ డేటా ముట్టకూడదని రాశారు.

నేను ఈ కథ ఎందుకు చెప్తానంటే, జనం ఇక్కడ గవర్నమెంటుని నిలదీయరని అనుకోవద్దు. నిలదీస్తారు. కాకపోతే దానికో పద్ధతి ఉంది, ఆ పద్ధతి గీసింది కూడా గవర్నమెంటే. ఆ గీతల్ని ఇక్కడ ఓబీ మార్కర్లు అంటారు, గోల్ఫ్ ఆటలో బంతి హద్దు దాటిందని చూపించే గుర్తుల పేరు అది. ఆ గీతలు ఎక్కడున్నాయో ఎక్కడా పూర్తిగా రాసి ఉండదు. నాకు ఇక్కడ నచ్చని విషయం అదే, దాచుకోను.

మీ పాస్ తీసి చూసుకోండి

ఇండియాలో మాట్లాడే హక్కు ఇచ్చే 19(1)(ఎ) ఉందని, నెట్‌లో పోస్టులకి అరెస్టు చేయనిచ్చే 66ఎని 2015లో సుప్రీంకోర్టు కొట్టేసిందని, ఏం పోస్టు చేసినా చివరికి కోర్టులో నిలబడొచ్చని మనకో ధైర్యం ఉంటుంది. ఆ ధైర్యాన్ని చాంగీ ఎయిర్‌పోర్టులో దిగేటప్పుడు విమానంలోనే వదిలేయండి. సింగపూర్ రాజ్యాంగంలో 14వ ఆర్టికల్ భావప్రకటన హక్కు ఇస్తుంది, కానీ "సింగపూర్ పౌరులకు" అని స్పష్టంగా ఉంటుంది. (మన 19 కూడా పౌరులకే లెండి, అది మనం గమనించం, ఎందుకంటే అక్కడ మనమే పౌరులం.) ఆ హక్కు మీద కూడా పార్లమెంటు పరిమితులు పెట్టొచ్చని ఆ ఆర్టికల్‌లోనే ఉంది.

కాబట్టి ఈపీ, ఎస్ పాస్, వర్క్ పర్మిట్, డిపెండెంట్ పాస్, స్టూడెంట్ పాస్ ఏది ఉన్నా మీరు ఇక్కడ ఉండటం ఒక అనుమతి, హక్కు కాదు. కేసు దాకా వెళ్లకుండానే, పాస్ రెన్యూ కాకపోతే చాలు కథ ముగుస్తుంది. 2022లో వలస కార్మికుల తరఫున రాసే ఒక బంగ్లాదేశీ కార్మికుడికి, ఆయన ఇక్కడ కవిగా కూడా పేరున్న మనిషి, పంతొమ్మిదేళ్లు పనిచేశాక వర్క్ పర్మిట్ మళ్లీ ఇవ్వలేదు. హాస్టల్ దగ్గర కార్మికుల గురించి ఆయన పెట్టిన పోస్టు అబద్ధమని, రెచ్చగొట్టేలా ఉందని కార్మిక శాఖ చెప్పింది. పీఆర్, అంటే శాశ్వత నివాసం, ఉంటే కొంచెం గట్టి నేల మీద ఉన్నట్టే, కానీ బయటికెళ్లి తిరిగి రావడానికి రీఎంట్రీ పర్మిట్ అనేది ఒకటుంటుందని మర్చిపోవద్దు.

పోస్టు రాసేటప్పుడు: అభిప్రాయం వేరు, సమాచారం వేరు

ఇదే అసలు పాఠం, నిదానంగా చదవండి. 2019 అక్టోబర్ 2 నుంచి పోఫ్మా అనే చట్టం అమల్లో ఉంది. అబద్ధపు సమాచారం పెట్టి అది ప్రజాప్రయోజనానికి దెబ్బ అని మంత్రి అనుకుంటే ఆర్డరు ఇవ్వొచ్చు. కోర్టు కాదు, మంత్రి. సాధారణంగా ముందు వచ్చేది కరెక్షన్ ఆర్డరు, అంటే మీ పోస్టు అలాగే ఉంటుంది, దాని పైన "ఇందులో తప్పు సమాచారం ఉంది, నిజం ఇక్కడ చూడండి" అని గవర్నమెంటు లింకు మీరే పెట్టాలి. ఒప్పుకోకపోతే ముందు మంత్రికే అప్పీలు, ఆ తర్వాత హైకోర్టు. అప్పీలు నడుస్తున్నంత సేపూ ఆర్డరు పాటించాల్సిందే. పాటించకపోతే మామూలు మనిషికి 20,000 డాలర్ల వరకు జరిమానా, ఏడాది వరకు జైలు, లేదా రెండూ. అబద్ధమని తెలిసీ హాని జరిగేలా పెట్టారని తేలితే 50,000 డాలర్లు, ఐదేళ్ల దాకా వెళ్తుంది.

ఇందులో పట్టుకోవాల్సింది ఏంటంటే, ఈ చట్టం అభిప్రాయాల జోలికి, వెటకారం జోలికి రాదని గవర్నమెంటు మొదట్నుంచీ చెబుతోంది. ఏది సమాచారం, ఏది అభిప్రాయం అనే దగ్గర మాత్రం విమర్శకులకీ గవర్నమెంటుకీ ఇంకా పేచీ ఉంది. మనం ఆ పేచీ మధ్యలో నిలబడక్కర్లేదు. ఒక ఉదాహరణ తీసుకుందాం. 2024 సెప్టెంబర్ చివర్లో ఈస్ట్ వెస్ట్ లైన్లో జురాంగ్ ఈస్ట్ నుంచి బువోనా విస్టా దాకా ఆరు రోజులు రైళ్లు నడవలేదు. నేను ఆ ఆరు రోజులూ బస్సు క్యూలో చెమటలు కక్కుకుంటూ నిలబడ్డవాణ్ణే. అప్పుడు మన గ్రూపులో ఒకాయన పోస్టు చేద్దామనుకుని ముందు నాకు పంపిన ముక్క, గుర్తున్నంత వరకు, ఇలా ఉంది: "మెయింటెనెన్స్ డబ్బులు పైవాళ్లు తినేశారు, అందుకే రైళ్లు ఆగిపోయాయి, ఇంకా నెల రోజులు రావట, మంత్రికి అన్నీ తెలుసు."

నాలుగు ముక్కలు, నాలుగూ ప్రమాదమే. డబ్బు తిన్నారనడం పరువునష్టం. నెల రోజులు రావనడం అబద్ధపు సమాచారం, పైగా జనం కంగారు పడతారు. మంత్రికి తెలుసనేదానికి ఆధారం లేదు. అందుకే ఆగాయనేది ఆయన ఊహ. ఇద్దరం కూర్చుని మార్చాం: "ఈ ఆరు రోజులూ రోజుకి గంటన్నర అదనంగా బస్సు క్యూలో నిలబడ్డాను. ఇంత పెద్ద లైను ఇన్ని రోజులు ఆగిపోవడం నాకు నమ్మశక్యంగా లేదు. మెయింటెనెన్స్ మీద ఎంత ఖర్చు పెడుతున్నారో, ఎందుకు ఆగిందో రవాణా శాఖ వివరంగా చెప్పాలి. చెప్పేదాకా నాకు నమ్మకం కలగదు." కోపం అంతా అలాగే ఉంది చూడండి. మొదటి వాక్యం ఆయనకి జరిగింది, రెండోది ఆయనకి అనిపించింది, మూడోది అడిగింది, చివరిది మళ్లీ ఆయన మనసులో మాట. నిరూపించాల్సిన భారం దేనికీ లేదు. ఆ వారం సింగపూర్ వాళ్లు ఫేస్‌బుక్‌లో ఇంతకంటే ఘాటుగానే రాశారు.

పరువునష్టం అన్నాను కాబట్టి ఒక మాట. ఇక్కడ నాయకులు కోర్టుకి వెళ్తారు, వెళ్లి గెలుస్తారు. మన దగ్గరలాగా "నాయకుడన్నాక ఇవి మామూలే" అని వదిలేయరు. సీపీఎఫ్ డబ్బు గురించి అప్పటి ప్రధాని మీద రాసిన ఒక బ్లాగరుని 2015లో 1,50,000 డాలర్లు కట్టమంది కోర్టు. "తిన్నాడు", "దొంగ", "అమ్ముడుపోయాడు", ఈ మూడు మాటలూ మీ కీబోర్డు మర్చిపోవాలి. కోర్టు తీర్పుల మీద జడ్జిలకి ఉద్దేశాలు అంటగట్టడం కూడా అంతే, దానికి వేరే చట్టం ఉంది.

షేర్ చేయడం కూడా మాట్లాడటమే

"నేను రాయలేదు కదా, ఫార్వర్డ్ చేశానంతే" అనేది మన ఇళ్లలో మామయ్యల దగ్గర చెల్లుతుంది, ఇక్కడ చెల్లదు. లియాంగ్ సి హియాన్ అని పేరున్న ఫైనాన్షియల్ అడ్వైజర్ ఒకాయన 2018లో ఒక మలేషియా సైటు వ్యాసం లింకుని ఫేస్‌బుక్‌లో పెట్టాడు. సొంతంగా ఒక్క అక్షరం రాయలేదు. అప్పటి ప్రధాని లీ సియెన్ లూంగ్ పరువునష్టం దావా వేశారు, 2021లో కోర్టు 1,33,000 డాలర్లు కట్టమంది. తర్వాత జనం చందాలు వేసి ఆ మొత్తం పోగు చేసిచ్చారు, పది, ఇరవై డాలర్ల చొప్పున కూడా వేసినవాళ్లున్నారు. గవర్నమెంటుని నమ్మడం, ఆయనకి చందా వేయడం రెండూ ఒకే ఊళ్లో జరిగాయి.

వాట్సాప్ గ్రూపు మనదే కదా, లోపల మనవాళ్లే కదా అనుకోవద్దు, పోఫ్మా ప్రైవేటు గ్రూపులకీ వర్తిస్తుంది. 2020 ఫిబ్రవరి 7, శుక్రవారం సాయంత్రం నాకు బాగా గుర్తు. కరోనా హెచ్చరికని ఆరెంజ్‌కి పెంచారు, గంటలో సూపర్ మార్కెట్లలో బియ్యం, నూడుల్స్, టాయిలెట్ పేపరు ఖాళీ. మా అపార్టుమెంటు తెలుగు గ్రూపులో రాత్రి ఎనిమిదింటికి "సోనా మసూరి స్టాక్ మొత్తం అయిపోయింది, ఇండియా నుంచి షిప్పులు ఆపేశారు, రేపట్నుంచి షాపులన్నీ బంద్" అని ఒక ఫార్వర్డ్, దాని కింద పదకొండు మంది "నిజమా?", ఇంకో నలుగురు అదే మెసేజ్ వేరే గ్రూపులకి. నేను కూడా, ఒప్పుకుంటున్నా, ముందు చెప్పులేసుకుని షాపుకి పరిగెత్తా, తర్వాత ఆలోచించా. రెండు బస్తాలు మోసుకొచ్చాక చూస్తే మర్నాడు షాపు తెరిచే ఉంది, బియ్యం ఉన్నాయి. ఆ బియ్యంలో సగం పురుగు పట్టింది.

అప్పట్నుంచి నేను అడ్మిన్‌గా ఉన్న గ్రూపుల్లో ఒకటే రూలు: ఫార్వర్డ్ చేసేవాడు ఎక్కణ్ణుంచి వచ్చిందో కూడా పెట్టాలి. "తెలిసినవాళ్లు పంపారు" అంటే డిలీట్. ఆర్నెల్లు నన్ను తిట్టుకున్నారు, తర్వాత అలవాటైపోయింది.

నలుగురు కలిసి నిలబడే ముందు

పబ్లిక్ ఆర్డర్ యాక్ట్ 2009 ప్రకారం ఏదైనా ఒక విషయానికి మద్దతుగానో వ్యతిరేకంగానో బహిరంగంగా నిలబడాలంటే పోలీసు పర్మిట్ కావాలి. ఎంతమంది అంటే, ఒక్కరైనా సరే. నవ్వుతున్నారా? జొలోవన్ వామ్ అనే సామాజిక కార్యకర్త 2020లో టోవా పేయో పోలీసు స్టేషన్ బయట నవ్వు ముఖం బొమ్మ గీసిన అట్టముక్క పట్టుకుని ఫొటో దిగాడు, ఆ నవంబర్‌లో కేసు పెట్టారు.

మనవాళ్లకి ఇది ఎక్కడ తగులుతుందంటే, మన ఊరి రాజకీయాల దగ్గర. 2023 సెప్టెంబర్‌లో చంద్రబాబు అరెస్టయినప్పుడు హైదరాబాద్‌లో ఐటీ ఉద్యోగులు రోడ్డెక్కారు, విదేశాల్లోనూ మనవాళ్లు ర్యాలీలు తీశారు. అలాంటప్పుడు ఇక్కడి గ్రూపుల్లో కూడా "మనం మెర్లయన్ సింహం బొమ్మ దగ్గర ఒక ఫొటో దిగుదాం, ఊరికే ప్లకార్డు పట్టుకుని" అనేవాడు ఒకడు తయారవుతాడు, ఏ పార్టీవాడైనా సరే. వాడికి 2013 సంగతి చెప్పండి. ఆ మే నెలలో తమ దేశ ఎన్నికల మీద నిరసనగా అదే మెర్లయన్ పార్కులో గుమిగూడిన 21 మంది మలేషియన్లని పోలీసులు పట్టుకెళ్లారు. పక్క దేశం వాళ్లకే, రోజూ బ్రిడ్జి దాటి వచ్చిపోయేవాళ్లకే అలా ఉంటే మన సంగతి చెప్పక్కర్లేదు. వేరే దేశాల రాజకీయాలు ఇక్కడ చేస్తే పర్మిట్ ఇవ్వమని పోలీసులు బాహాటంగానే చెబుతారు. ఇంట్లో టీవీ ముందు కౌంటింగ్ చూసి కేకలేసుకోండి, గెలిస్తే పూర్ణాలు వండుకోండి. కండువాలేసుకుని ఊరేగింపుగా కిందికి మాత్రం దిగొద్దు.

మతం, జాతి: ఇక్కడ చర్చ లేదు

ఇది చిన్నగానే చెప్తా ఎందుకంటే దీనికి మినహాయింపులు లేవు. 1964 జాతి గొడవలు ఈ దేశం మర్చిపోలేదు, మత సామరస్యం మీద 1990 నుంచే చట్టం ఉంది, జాతుల విషయంలో 2025లో ఇంకో చట్టం చేశారు. మన దగ్గర నుంచి వచ్చే మతాల వీడియోలు, వేరే మతం దేవుడి మీద జోకులు, చైనీస్, మలయ్ వాళ్ల మీద "సరదా" స్టిక్కర్లు, అన్నీ ఫోన్లోంచే తీసేయండి. ఇండియాలో ఉన్న బంధువు పంపింది అయినా సరే.

దీనికి రెండో వైపు కూడా ఉంది. 2005లో ఇండియాతో కుదిరిన సీకా అనే వాణిజ్య ఒప్పందం పేరు పెట్టి ఇక్కడ నెట్‌లో మనవాళ్ల మీద నానా మాటలూ అంటుంటారు. మనవాళ్లు ఎక్కువగా పనిచేసే చాంగీ బిజినెస్ పార్కు పేరు చెప్పి వెటకారాలు చేస్తారు. ఒళ్లు మండుతుంది, నాకూ మండుతుంది. జవాబు ఇవ్వకండి. స్క్రీన్‌షాట్ తీసుకోండి, మరీ హద్దు దాటితే పోలీసు రిపోర్టు ఆన్‌లైన్‌లోనే ఇవ్వొచ్చు. వాడి భాషలోనే మీరూ రాస్తే ఇద్దరి మీదా అదే చట్టం.

హాంగ్ లిమ్ పార్కు గురించి అడిగేవాళ్లకి

క్లార్క్ కీ స్టేషన్ పక్కన చిన్న పార్కు. 2000 సెప్టెంబర్ 1న అక్కడ స్పీకర్స్ కార్నర్ తెరిచారు, 2008 నుంచి నిరసనలకి కూడా ఒప్పుకున్నారు. పౌరులైతే పార్కుల శాఖ వెబ్‌సైట్‌లో పేరు నమోదు చేసుకుంటే సరిపోతుంది, పోలీసు పర్మిట్ అక్కర్లేదు. జాతి, మతం తప్ప ఏదైనా మాట్లాడొచ్చు. 2013లో జనాభా 69 లక్షలకి చేరొచ్చన్న గవర్నమెంటు శ్వేతపత్రం మీద అక్కడే వేలమంది చేరారు, మనలాంటి వలస జనం పెరగడమే వాళ్ల బాధ. మాట్లాడేది ఇంగ్లిష్, మలయ్, చైనీస్, తమిళం, ఈ నాలుగు అధికార భాషల్లో ఉండాలి. కాబట్టి తెలుగులో ఉపన్యాసం కుదరదు, దిగులు పడకండి, మన ఉపన్యాసాలకి ఉగాది ఫంక్షన్లున్నాయి.

సభ పెట్టేది పౌరులే అయ్యుండాలి. పీఆర్‌లు పాల్గొనొచ్చు. పాస్‌ల మీద ఉన్నవాళ్లు పాల్గొనకూడదు, 2017 నుంచి అయితే "నేను ఊరికే చూద్దామని వచ్చా" అన్నదానికి కూడా చోటు లేదు, చూడ్డానికి వచ్చినా పాల్గొన్నట్టే లెక్క. ఆ వైపు పని ఉంటే పక్క రోడ్డు పట్టుకుని వెళ్లిపోండి.

మరి ఏదైనా కావాలంటే ఎలా అడగాలి

ఇన్ని వద్దులు చెప్పాక అసలు పనికొచ్చేది ఇదే. ఒక్కరే వెళ్లి, పేరు రాసి, ఒక విషయం అడగండి. గుంపుగా వెళ్తే బిగుసుకుపోయే ఈ వ్యవస్థ ఒక్క మనిషి కాగితానికి మాత్రం ఆశ్చర్యంగా కదులుతుంది. ఇది మంచిదేనా అని నన్నడిగితే సగం మంచిదే అంటాను, ఎందుకంటే లిఫ్టు బాగవుతుంది కానీ లిఫ్టుల పాలసీ ఎవరు రాస్తున్నారని నలుగురం కలిసి అడిగే చోటు మనకి లేదు.

వీధి దీపం, లీకేజీ, ఎలుకలు, అర్ధరాత్రి చప్పుడు లాంటివాటికి వన్‌సర్వీస్ యాప్. బ్లాకు నంబరు, ఫ్లోరు, ఒక ఫొటో, తేదీ. ఏ శాఖకి వెళ్లాలో వాళ్లే చూసుకుంటారు. జీతం ఇవ్వకపోతే గ్రూపులో కంపెనీ పేరు పెట్టి తిట్టకుండా టాడమ్ అనే సంస్థలో క్లెయిమ్ వేయండి. ఉద్యోగంలో ఉండగా అయితే జీతం రావాల్సిన రోజు నుంచి ఏడాది లోపు, మానేశాక అయితే ఆఖరి రోజు నుంచి ఆర్నెల్ల లోపు. గడువు దాటిపోయి ఏడ్చినవాళ్లని చూశాను. పేస్లిప్పులు, వాట్సాప్ మెసేజ్‌లు ముందే దాచుకోండి.

ఇంకోటి ఎంపీని కలిసే సెషన్. ప్రతి నియోజకవర్గంలోనూ వారానికో సాయంత్రం ఉంటుంది. పౌరులే వెళ్లాలని మనవాళ్లు అనుకుంటారు, పీఆర్‌లూ వెళ్తారు, నేనూ వెళ్లాను, మా అమ్మ లాంగ్ టర్మ్ విజిట్ పాస్ రిజెక్ట్ అయినప్పుడు. మా దగ్గర అది బ్లాకు కింద వాయిడ్ డెక్‌లో చిన్నపిల్లల కిండర్‌గార్టెన్‌లో పెడతారు. టోకెన్ తీసుకుని, మోకాళ్లు గడ్డానికి తగిలే బుల్లి ఎర్ర కుర్చీలో గంటన్నర కూర్చున్నా. గోడ మీద ఏబీసీడీలు, కాగితం సీతాకోకచిలుకలు, పక్కన జరిమానా రద్దు చేయించుకోవడానికి వచ్చిన టాక్సీ డ్రైవరు, ఇంటి కోసం వచ్చిన ఒంటరి తల్లి. కాలేజీ కుర్రాడొకడు వాలంటీరు, నేను చెప్పింది ల్యాప్‌టాప్‌లో టైపు చేసి ఉత్తరంగా మార్చాడు. ఎంపీ గారు వచ్చి మూడు నిమిషాలు విని సంతకం పెట్టారు. అయిదు వారాలకి జవాబొచ్చింది, మర్యాదగా, కుదరదని. రెండోసారి వెళ్లా, ఈసారి అమ్మ హెల్త్ ఇన్సూరెన్స్ కాగితాలు, నా టాక్స్ కాగితాలు జతచేసి. రెండోసారి పాస్ వచ్చింది. ఉత్తరం వల్లనా, కాగితాల వల్లనా అంటే కాగితాల వల్లే అనుకుంటా, అందుకే చెప్తున్నా, మొదటిసారే అన్నీ పట్టుకెళ్లండి.

తమ్ముడి సంగతి చెప్పి ఆపుతా. వాడు అద్దెకుండే బ్లాకులో మెట్ల మీద లైటు మూడు వారాలుగా వెలగట్లేదట, ముసలావిడ ఒకావిడ చీకట్లో జారిపడబోయిందట. అక్కడే కోపీటియంలో కూర్చోబెట్టి యాప్ వేయించా. వాడు ముందు అర పేజీ రాశాడు, "ఇంత పేరున్న దేశంలో" అని మొదలుపెట్టి. కోసి నాలుగు లైన్లు చేశాం: బ్లాకు, ఫ్లోరు, ఎన్నాళ్ల నుంచి, ఎవరికి ఇబ్బంది. ఫొటో పెట్టాం. పేరు అడిగే చోటికి రాగానే వేలు ఆగిపోయింది. "పేరు రాయాల్నా అన్నా?" రాయాలన్నాను. పక్క టేబుల్ అంకుల్ ఇంకా సీఓఈ దగ్గరే ఉన్నాడు. వాడు ఒకసారి అంకుల్ వైపు చూసి, ఒక్కో అక్షరమే నొక్కుతూ ఇంటిపేరుతో సహా మొత్తం టైపు చేశాడు.

బుధవారం రాత్రి వాట్సాప్‌లో ఒక ఫొటో పంపాడు. మెట్లు, పైన ట్యూబ్‌లైటు. కింద ఏమీ రాయలేదు.